పుస్తకాల్లో అక్షింతలు

సుంగై సిపుట్, మలయా
1957 మే 12, ఆదివారం

తమ్ముడు వెంకటరావు వచ్చి వెళ్ళాడు. తెలుగువాళ్ళ కమిటీ తరఫున వచ్చానన్నాడు. కమిటీ కార్యదర్శి వాడే, రబ్బరు ఎస్టేటు ఆఫీసులో లెక్కలు రాసే పెద్ద కెరాణీ వాడే. ఎవరి తరఫునో ముందు చెప్పుకోకపోతే నాకు తెలియదు మరి.

మేనేజరు దొర చదువుగదిని వెనక్కి అడుగుతున్నాడట. ఆగస్టులో మలయాకి స్వతంత్రం వస్తోంది, ఆ లోపల అక్కడ రేడియో పెట్టి అందరికీ హాలు చేస్తారట. తెలుగువాళ్ళు ఆ గదిని బాగా వాడుకుంటున్నారని చూపిస్తే ఉంచుతారు. లేకపోతే ఇచ్చెయ్యాలి.

"ఎవులు సదువుతున్నారప్పా ఇప్పుడు తెలుగు? మా పిల్లలకే రాదు" అన్నాడు. అక్కని వాడు అప్పా అంటాడు.

ఒక సాయంత్రం వచ్చి చూడమన్నాను. నాయన మద్రాసునుంచి ఓడలో తెప్పించిన పుస్తకాలు రెండు బీరువాల నిండా ఉన్నాయి. చదవడం వచ్చినవాళ్ళు ఇళ్ళకి తీసుకెళ్తారు. రానివాళ్ళు చాప మీద కూర్చుంటారు, నేను చదివి వినిపిస్తాను. నాయన పోయినప్పటినుంచీ ఇంతే. ఆ వేళకి వాడు ఆఫీసులో ఉంటాడు, వాడికి ఎలా తెలుస్తుంది?

ఇప్పుడు చదువుతున్న పురాణం సగానికి వచ్చింది. పూర్తయిన రోజు దొరని కూడా పిలుస్తాను. వచ్చి చూస్తే గది అడగడు.

మే 17

పేపర్లో సింగపూర్ జ్వరం గురించి చదివి వినిపించాను. హాంకాంగ్ నుంచి ఓడలో వచ్చిందట. ఇంటికి ఒకరు తప్పకుండా పడుతున్నారట.

ఎస్టేటు రెండో డివిజన్లో రబ్బరు చెట్లు గీసే కాంతయ్య, మలాయ్ వాళ్ళలా మాట చివర లా తగిలించి, "మన కంచెలోకి రావాలంటే జ్వరం కూడా ఐడెంటిటీ కార్డు సూపించాల లా" అన్నాడు. అందరూ నవ్వారు. వాళ్ళమ్మ బంగారమ్మ వాడి నెత్తిన ఒకటి మొట్టింది.

అడివిలో కమ్యూనిస్టుల భయంతో పెట్టిన కర్ఫ్యూ వేళ అవుతోందని తొందరగా లేచారు.

మే 22

చాప మీద దగ్గులు. బంగారమ్మ ఊఁ కొడుతూ కొడుతూ మధ్యలో దగ్గింది. చదవడం ఆపాను. "నువ్వు కానియ్యమ్మా, నా సెవులకి దగ్గు నేదు" అంది.

మే 24

గోవిందన్ వచ్చాడు. ఎస్టేటు ఆస్పత్రిలో డాక్టరు వచ్చేది ఎప్పుడో ఒకసారి, రోజూ చూసేది ఈ డ్రెస్సరే. మూతికి గుడ్డ కట్టుకుని గుమ్మంలోనే నిలబడ్డాడు. గది మూసెయ్యమన్నాడు.

మూసేస్తే వాడుకోవడం లేదంటారని చెప్పాను. వాడుకుంటే పోతారని తమిళంలో జవాబిచ్చాడు.

తాళం వేశాను.

మే 25

సాయంత్రం గదిలో దీపం పెట్టి తలుపు వేసుకుని చదువుకున్నాను. గొంతెత్తి చదివాను, అలవాటు కొద్దీ. పేజీ తిప్పబోయి, బంగారమ్మ ఊఁ అంటుందని ఆగాను.

స్వామికి నమస్కారం చేసుకుని ఇంటికి వచ్చేశాను. ఇల్లంటే గది వెనక వసారా, ఒక వంటిల్లు. నాకు చాలు.

మే 28

తలుపు మూయమన్నారు గాని కిటికీ మూయమనలేదు. గోవిందన్‌ని అడిగితే కాస్త నవ్వి, సరేనన్నాడు.

ఈరోజునుంచి పుస్తకాలు కిటికీలోంచి ఇస్తున్నాను. వచ్చినవాళ్ళు పేరు చెప్పి వెనక్కి జరగాలి. నేను పుస్తకం కిటికీ గట్టు మీద పెట్టి లోపలికి జరుగుతాను. అప్పుడు తీసుకోవాలి. తిరిగి వచ్చిన పుస్తకాన్ని బీరువాలో పెట్టను. పెరటి గోడ మీద విప్పి ఎండబెడతాను, తరవాత సాంబ్రాణి పొగ వేస్తాను. ఎండ చాలునన్నాడు గోవిందన్. సాంబ్రాణి నా తృప్తికి.

ఎండకి అట్టలు విల్లులా వంగుతున్నాయి. నాయన చూస్తే నన్ను పెరట్లోనే నిలబెట్టేవాడు.

జూన్ 3

కిటికీ దగ్గరికి ఎవరూ రాలేదు. నిన్నా రాలేదు. లైన్లలో, కూలీల ఇళ్ళ వరసల్లో, ప్రతి ఇంట్లోనూ మనుషులు పడుకునే ఉన్నారట. చెట్లు గీసేవాళ్ళు లేక రబ్బరు సగం ఆగిపోయిందని మీనాచ్చి చెప్పింది. మీనాచ్చి మా మరదలు, తమ్ముడి భార్య. తమిళపిల్ల, మంచిది. రోడ్డు మీదనుంచే చెప్పి వెళ్ళిపోయింది.

చదవడం వచ్చినవాళ్ళు పడకేశారు. రానివాళ్ళకి చదివి చెప్పేవాళ్ళు లేరు. వాళ్ళ గురించే నా బెంగ. నాకేముంది, పూజ ఉంది, పని ఉంది.

జూన్ 5

నాకింకా జ్వరం రాలేదు గనక ఇళ్ళ బయట నిలబడి చదవచ్చా అని గోవిందన్‌ని అడిగాను. చాలాసేపు ఆలోచించాడు. గుమ్మం తొక్కకూడదు, వాళ్ళిచ్చే మంచినీళ్ళు కూడా తాగకూడదు అన్నాడు.

బుట్టలో పుస్తకాలు సర్దుకుని లైన్లకి వెళ్ళాను. అడిగినవాళ్ళకి ఒకటి అరుగు మీద పెట్టడం, కిటికీ కింద నిలబడి పురాణంలో ఒక ఘట్టం చదవడం, పక్కింటికి జరగడం. దాంతో మొదటి ఇంటివాళ్ళు పెళ్ళి విన్నారు, ఆఖరి ఇంటివాళ్ళు యుద్ధం విన్నారు. మధ్యలో ఏమైందో గోడ అవతలివాళ్ళని కేకేసి అడుగుతున్నారు. "మా ఇంట్లో ఇంకా బతికే ఉన్నాడే, మీ ఇంట్లో ఎప్పుడు సచ్చినాడు?" అని ఒకావిడ గోడ కొట్టి మరీ అడిగింది.

కాళ్ళు నొప్పులు. నిద్ర బాగా పట్టింది.

జూన్ 9

రెండో డివిజన్‌కి వెళ్ళాను. మైలు దూరం, దాని కంచె దానిది, గేటు దానిది. గేటు దగ్గర మలాయ్ కానిస్టేబులు బుట్టలో పుస్తకాలన్నీ తీసి పేజీ పేజీ విదిలించాడు. తెలుగక్షరాలు చూసి మొహం చిట్లించాడు. కితాబ్ అన్నాను, వాళ్ళ మాటలో దేవుడి పుస్తకమని. దేవుణ్ణి చూపించినట్టు పైకి చూపించాను. తలూపి వదిలేశాడు.

బంగారమ్మ లేవలేకుండా ఉంది. లోపల చీకట్లో మనిషి కనబడలేదు. చదవడం మొదలుపెట్టాక ఊఁ అని వినబడింది.

జూన్ 16

ఆదివారం. ఆదివారాలు తమ్ముడింట్లో భోజనం. జ్వరం ఇళ్ళన్నీ తిరుగుతున్నాను గనక ఇంటికి రావద్దని వాడు ముందే కబురు పెట్టాడు. వాడి పిల్లలు చిన్నవాళ్ళు. వాడన్నది న్యాయమే.

వాళ్ళ ఇంటి ముందునుంచి నడిచాను. నా దారి అటు కాదు, అయినా నడిచాను. చిన్నది పాపాయి కిటికీలోంచి చెయ్యి ఊపింది. అత్తా అని పిలిచి, ఇంకా ఏదో తమిళంలో చెప్పింది. ఆగలేదు.

జూన్ 30

పురాణం చివరికి వచ్చింది. జ్వరాలు తగ్గుముఖం పట్టాయి, గుంపు కూడడానికి మాత్రం గోవిందన్ ఇంకా ఒప్పుకోవడం లేదు. పూర్తయిన రోజు అందరూ గదిలో చేరి ఒకరి నెత్తిన ఒకరు అక్షింతలు వేసుకోవడం ఆనవాయితీ. అది లేకుండా పూర్తయిందనిపించుకోదు.

ఆలోచించి ఒక ఏర్పాటు చేశాను. ప్రతి ఇంట్లోనూ మన పుస్తకం ఒకటి ఉంది. తిరిగి ఇచ్చేటప్పుడు పుస్తకంలో చిటికెడు అక్షింతలు పెట్టి గుడ్డలో చుట్టి ఇవ్వమన్నాను. అన్నీ కలిపి గుళ్ళో స్వామి పాదాల దగ్గర పోస్తాను. మనుషులు కలవకపోయినా అక్షింతలు కలుస్తాయి. బంగారమ్మకి ఈ మాట చాలా నచ్చింది. ఇప్పుడు లేచి కూర్చుంటోంది.

దొరకి ఈ సంగతి రాయమని తమ్ముడికి కబురు పెట్టాను. గది మూసినా చదువు ఆగలేదని రాస్తే చాలు.

జూలై 8

నిన్న పురాణం పూర్తయింది.

రెండో డివిజన్లో చిటికెడు పెట్టమంటే ఎవరూ చిటికెడు పెట్టలేదు. ఇంటింటా ఒక ప్రాణం దక్కింది మరి. పిడికెళ్ళతో పెట్టారు. బంగారమ్మ దోసెడు పోసి, పుస్తకం మూతపడక, తాడుతో కట్టింది. బుట్ట మోస్తుంటే మెడ వంగిపోయింది. సంతోషంగానే ఉంది.

గేటు దగ్గర కానిస్టేబులు ఒక గుడ్డ విప్పాడు. పసుపు బియ్యం రోడ్డు మీద పడింది. "బెరాస్" అన్నాడు, బియ్యమని. రెండో గుడ్డ విప్పాడు. బెరాస్. మూడోది విప్పకుండా ఈల వేశాడు.

సార్జంటు వచ్చాడు. పూజకని చెప్పాను. పూజకైతే పుస్తకాల్లో దాచడం దేనికి అన్నాడు. దాచలేదు, పెట్టాం అన్నాను. ఆ రెంటికీ తేడా చెప్పమన్నాడు. 

కంచె దాటించి గింజ బియ్యం తీసుకెళ్ళకూడదు. అడివిలో ఉన్నవాళ్ళకి, ఆ కమ్యూనిస్టులకి, చేరుతుందని. ఇన్నేళ్ళుగా ఆ గేటులోంచి నడుస్తున్నాను, ఆడవాళ్ళ టిఫిన్ గిన్నెలు విప్పించడం రోజూ చూస్తున్నాను, నాకు తెలియని రూలు కాదు. కాని అది బియ్యమని నాకు తోచలేదు. అక్షింతలనుకున్నాను.

టేషన్లో బల్ల మీద కూర్చోబెట్టారు. ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. స్వామి నామం అనుకుంటూ కూర్చున్నాను. బియ్యం ఎవరిచ్చారని అడిగారు. అందరూ ఇచ్చారన్నాను. ఎవరి పేరూ చెప్పలేదు.

సాయంత్రానికి తమ్ముడు వచ్చాడు. టై కట్టుకుని వచ్చాడు. లోపల ఇంగ్లీషులో చాలాసేపు మాట్లాడాడు. పుస్తకాలు అక్కడే ఉంచేసి నన్ను వదిలారు.

జీపులో సగం దారి వచ్చాం. తరవాత, "అడివిలోకి బియ్యం మోసినావని రాసుకున్నారప్పా. జైలే లా" అన్నాడు.

ఏం చెప్పి విడిపించావని అడిగాను. కిటికీలోంచి బయటికి చూశాడు.

జూలై 12

మీనాచ్చి చెప్పింది. దొర నా తరఫున పోలీసులకి ఫోన్ చేశాడట. దానికి ముందే తమ్ముడు గదిని ఎస్టేటుకి ఇచ్చేస్తూ సంతకం పెట్టాడట. దొర అడిగాడో, వీడే ఇచ్చాడో మీనాచ్చికి తెలియదు. ఇకమీదట నేను పుస్తకాలు పట్టుకుని గేటు దాటనని కూడా వాడే మాటిచ్చాడట. "మీ కోసమే అక్కా" అంది. కన్నీళ్ళు పెట్టుకుంది.

ఓదార్చి పంపాను. నాకు కోపం లేదు.

జూలై 13

కోపం లేదు.

జూలై 14

గుడికి వెళ్ళాను. కోపం లేదని స్వామితో కూడా చెప్పాను.

జూలై 21

గది ఖాళీ చేశారు. బీరువాలు రెండూ తెచ్చి నా వసారాలో పెట్టారు. మంచం తలుపుకి అడ్డం వేసుకోవలసి వచ్చింది. గదికి సున్నం కొడుతున్నారు. వాన జల్లు పడకుండా బీరువాల మీద గోనె కప్పాను.

జూలై 28

వసారాలో చాప వేసి కూర్చున్నాను. గోవిందన్ ఇప్పుడు కూడవచ్చన్నాడు. ఎవరూ రాలేదు.

ఒకావిడ రోడ్డున పోతూ, మా ఇంటికి ఎప్పుడొస్తావు అని అడిగింది. నువ్వే రా అన్నాను. "నువ్వే వస్తావు కదా అని సూస్తన్నాం" అంది. జ్వరం వాళ్ళకి అది అలవాటు చేసింది. వాళ్ళు అక్కడ ఎదురుచూస్తారు, నేను ఇక్కడ.

రెండో డివిజన్ ఊసే లేదు. మాట ఇచ్చినవాడు వాడైనా, తప్పకూడనిది నేను.

ఆగస్టు 4

టేషన్లో ఉన్న పుస్తకాల్లో ఏముందో పోలీసులకి తెలియాలి. తెలుగు చదివి ఇంగ్లీషులో చెప్పే మనిషి కావాలన్నారు. తమ్ముడినే కూర్చోబెట్టారు. ఆఫీసు అయ్యాక రోజూ వెళ్తున్నాడట. ఇంటికొచ్చి మీనాచ్చిని మాటలకి అర్థాలు అడుగుతున్నాడట. దానికేం తెలుసు? అక్కని అడగమంటే తల వంచుకుని అన్నం తింటున్నాడట.

వాడికి అక్షరాలు నేర్పింది నేనే. పలక మీద కాదు, వంటింట్లో పిండి పరిచి నేర్పాను. అమ్మ అప్పటికే లేదు.

అడగడానికి రాడు. నేనూ వెళ్ళను.

ఆగస్టు 11

ఎవరితోనూ మాట్లాడలేదు ఇవాళ. రాయడానికేమీ లేదు.

ఆగస్టు 18

జ్వరం మళ్ళీ అక్కడక్కడా తగులుతోంది. తమ్ముడికి వచ్చింది. పిల్లల్ని వెనకగదిలో పెట్టుకుని మీనాచ్చి అవస్థ పడుతోందని గోవిందన్ చెప్పాడు.

వెళ్ళాను. ఇంట్లోకి వెళ్ళలేదు, అందరిళ్ళ దగ్గరా నిలబడినట్టే కిటికీ కింద నిలబడ్డాను. ఎవరు అని అడిగాడు. నేనే, అప్పని అన్నాను. జీపు దిగాక వాడితో అదే మొదటి మాట. ఇంకేం అనాలో తెలియక పుస్తకం విప్పాను.

"సదవద్దప్పా. టేషన్లో సదివీ సదివీ కళ్ళు పోయినాయి. ఊరికే కూకో."

గోడకి చేరగిలబడి కిందే కూర్చున్నాను. చేతిలో పుస్తకం లేకుండా ఒకళ్ళ దగ్గర ఎలా కూర్చోవాలో కాసేపు తెలియలేదు. లోపల మంచం కిర్రుమంది. దగ్గాడు. కుండలో నీళ్ళు తాగాడు.

"ఆ సార్జంటు పేజీ పేజీకీ అర్థం అడిగినాడు. సగం నాకు తెల్దు. నోటికొచ్చింది సెప్పినాను" అన్నాడు.

పాపం కదురా అన్నాను.

"ఏటి పాపం? నువ్వు పెట్టిన పని కాదా? ఏ పేజీ తీసినా అడివిలో ఉన్నోలకి ఎవులో ఒకలు అన్నం పెడతన్నారు. మునులకొకలు, రాజులకొకలు. ఆడి ముందర అయ్యి ఎలాగ సదివేది? అయ్యన్నీ దాటేసినాను లా."

నవ్వొచ్చింది. కొంగు అడ్డం పెట్టుకున్నా ఆగలేదు. లోపల వాడూ నవ్వబోయి దగ్గులో పడ్డాడు. నెమ్మదిగా పీల్చుకోమన్నాను. నెమ్మదించింది.

చాలాసేపటికి, "గది ఇచ్చేసినాను. కోపమా అప్పా?" అన్నాడు.

"ఉంది" అన్నాను.

"ఊఁ" అన్నాడు.

ఎండ గోడ మీదనుంచి దిగిపోయేదాకా అక్కడే ఉన్నాను. కర్ఫ్యూ కాకముందు వచ్చేశాను.

ఆగస్టు 19

వెళ్ళాను. కూర్చున్నాను.

ఆగస్టు 20

పుస్తకం తీసుకెళ్ళలేదు. గంజి తీసుకెళ్ళాను.

ఆగస్టు 25

వాడికి జ్వరం దిగింది. రేపటినుంచి లేచి తిరగవచ్చునన్నాడు గోవిందన్. ఇక వెళ్ళవలసిన అవసరం లేదు.

ఆగస్టు 31, శనివారం

స్వతంత్రం. ఎస్టేటు అంతా రేడియో దగ్గరికి వెళ్ళింది. తమిళులు, తెలుగువాళ్ళు, చీనావాళ్ళు, గేటు కానిస్టేబులు కూడా. నా వసారాలోకి అన్నీ వినబడ్డాయి. కౌలాలంపూర్లో మెర్దేకా, అంటే స్వతంత్రం, అని అరిచారు, వెనకే ఇక్కడా అరిచారు. అరిచినప్పుడల్లా బీరువా అద్దాలు అదిరాయి. గుమ్మంలోకి వెళ్ళి చూశాను. ఆ గదిలో ఇంతమందిని నేనెప్పుడూ చూడలేదు.

దేశం బాగుండాలని దీపం పెట్టాను. పిల్లలకి చాక్లెట్లు పంచారు. ఎవరో నాకూ ఒకటి ఇచ్చి వెళ్ళారు.

కంచె ఎప్పటిలాగే ఉంది.

సెప్టెంబరు 8, ఆదివారం

భోజనానికి పిలుపు వచ్చింది. వెళ్ళాను. తమ్ముడు చిక్కిపోయాడు. టేషన్‌నుంచి పుస్తకాలు తిరిగి వచ్చాయి. ప్రతి దాని మీదా ఇంగ్లీషు ముద్ర కొట్టి ఉంది, అభ్యంతరం లేదని. మీనాచ్చి వాటిని కుట్టుమిషను మీద పేర్చింది.

అన్నం తింటూ వాడు, వసారాలో ఉన్నవి కూడా తెప్పించేస్తానన్నాడు. ముందుగదిలో గోడకి చెక్క అరలు కొట్టిస్తాడట. సాయంత్రాలు వీధి తలుపు తీసి ఉంచుతాడట. వచ్చేవాళ్ళు వస్తారు, లేకపోతే లేదు. నన్ను కూడా ఇక్కడికే వచ్చి ఉండమన్నాడు. నా ఇల్లు నాకుందన్నాను. వాడు బలవంతం చెయ్యలేదు.

పుస్తకాల సంగతే నాకు మనసొప్పలేదు. అవి ఇన్నాళ్ళూ బీరువాలో తాళం కింద ఉన్నాయి. చేతులు కడుక్కోకుండా ఎవరినీ ముట్టనివ్వలేదు. ఈ ఇంట్లో తెలుగు చదవగలిగినవాడు వాడొక్కడే.

"పిల్లలు చింపేస్తారు" అన్నాను.

"సింపనీ అప్పా. సింపాలంటే ముందర ముట్టుకోవాల గదా" అన్నాడు.

 అన్నం కలుపుకున్నాను.

చెయ్యి కడుక్కుని ముందుగదిలోకి వచ్చేసరికి పాపాయి కుట్టుమిషను మీదనుంచి ఒక పుస్తకం లాగి, ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. తలకిందులుగా పట్టుకుంది. నోటికొచ్చినట్టు తమిళంలో ఏదో చదువుతోంది, వేలు కూడా నడిపిస్తోంది. వెళ్ళి పుస్తకం తిప్పి చేతికిచ్చాను.

మళ్ళీ తలకిందులు చేసుకుంది.

ఊరుకున్నాను. పక్కన కూర్చున్నాను.